ప్లానార్ స్పీకర్లకు ఏ ఆంప్ కొనాలి? వాట్స్ ఒక్కటే చూస్తే మోసపోతారు!

మా ఎనుమాముల మార్కెట్‌కి పత్తి తెచ్చిన రైతుకి ముందు ఎదురయ్యే ప్రశ్న "తేమ ఎంత?" 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే సీసీఐ అసలు కొనదు. తేమ చెప్పకుండా క్వింటాల్ రేటు మాట్లాడితే ఎలా అర్థం ఉండదో, ఓమ్స్ చెప్పకుండా "100 వాట్స్ ఆంప్" అంటే కూడా అంతే. ఇది నాకు మా బావ స్పీకర్ల వల్ల తెలిసొచ్చింది.

బావ డల్లాస్ నుంచి వచ్చేస్తూ మాగ్నెపాన్ ఎల్ఆర్ఎస్ జత తెచ్చుకున్నాడు. 2019లో 650 డాలర్లకు లాంచ్ అయిన మోడల్ ఇది. చూడ్డానికి స్పీకర్‌లా ఉండదు, 4 అడుగుల ఎత్తున్న పల్చటి పలకలా ఉంటుంది. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్ రిసీవర్‌కి కలిపాడు. సౌండ్ చప్పగా ఉంది. వాల్యూమ్ పెంచితే రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి టక్కున ఆగిపోయింది. "స్పీకర్లు పాడైనట్టున్నాయ్ రా, అమ్మేద్దామా?" అన్నాడు. స్పీకర్లలో ఏ లోపం లేదు. సమస్యంతా ఆంప్‌దే.

అసలు ప్లానార్ అంటే ఏంటి?

మామూలు స్పీకర్‌లో కోన్, దాని వెనక కాయిల్ ఉంటాయి. 1969లో జిమ్ వైనీ అమెరికాలో మొదలుపెట్టిన మాగ్నెపాన్ పద్ధతి వేరు. పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌కి వైరో, ఫాయిలో అతికించి, పక్కనే వరసగా అయస్కాంతాలు పెడతారు. ఫిల్మ్ మొత్తం కదిలి సౌండ్ ఇస్తుంది. ఆంప్‌కి ఈ లోడ్ దాదాపు ఒక మామూలు 4 ఓమ్స్ రెసిస్టర్‌లా కనిపిస్తుంది. అంటే మెలికలు లేని లోడే, కానీ తిండి ఎక్కువ!

తిండి ఎంత ఎక్కువ?

ఎల్ఆర్ఎస్ సెన్సిటివిటీ 2.83 వోల్ట్స్‌కి 86 డీబీ. 8 ఓమ్స్ స్పీకర్‌కైతే 2.83 వోల్ట్స్ అంటే 1 వాట్. 4 ఓమ్స్‌కి అదే 2 వాట్స్ అవుతుంది. ప్రతి 10 డీబీకి పవర్ 10 రెట్లు కావాలి. మీటర్ దూరంలో లెక్క ఇలా వస్తుంది:

- 86 డీబీ: 2 వాట్స్
- 96 డీబీ: 20 వాట్స్
- 106 డీబీ: 200 వాట్స్

పాట నడుస్తున్నంతసేపూ 200 వాట్స్ అక్కర్లేదు. కానీ డప్పు దెబ్బ పడ్డప్పుడు, కోరస్ ఒక్కసారి లేచినప్పుడు ఆ క్షణానికి అంత పవర్ అందాలి. అందకపోతే సిగ్నల్ తల తెగుతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు.

స్పెక్ షీట్‌లో ఏం చూడాలి?

1. 4 ఓమ్స్ రేటింగ్: 8 ఓమ్స్‌కి 100 వాట్స్ అంటే 28.3 వోల్ట్స్, సుమారు 3.5 ఆంపియర్లు. అదే వోల్టేజ్ 4 ఓమ్స్‌కి ఇస్తే 7 ఆంపియర్లు, 200 వాట్స్. 8 నుంచి 4కి వెళ్తే వాట్స్ డబుల్ అయ్యే ఆంప్ దొరికితే సూపర్, 150 దాటినా ఓకే. 4 ఓమ్స్ మాటే లేకపోతే వదిలేయండి.

2. ఎలా కొలిచారు: బావ రిసీవర్ "100 వాట్స్" కింద చిన్న అక్షరాల్లో "6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక ఛానల్, 10 శాతం డిస్టార్షన్" అని ఉంది. మీకు కావాల్సింది రెండు ఛానల్స్ కలిపి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో ఇచ్చిన నంబర్. పీఎంపీఓ నంబర్లను అసలు పట్టించుకోవద్దు.

3. మెనూలో "4 ఓమ్స్" సెట్టింగ్: చాలా రిసీవర్లలో ఇది వేడెక్కకుండా పవర్ తగ్గిస్తుందే తప్ప కొత్త బలం ఇవ్వదు.

4. క్లాస్: క్లాస్ ఏ సౌండ్ బాగుంటుందని పేరు, కానీ పాట లేకపోయినా వేడి కక్కుతుంది. మే నెలలో వరంగల్‌లో అలాంటిది పెట్టుకుంటే ఏసీ కూడా కొనాల్సిందే. క్లాస్ ఏబీ సేఫ్ ఛాయిస్. క్లాస్ డి చల్లగా, తేలిగ్గా ఉంటుంది. పాత వాటిలో స్పీకర్ లోడ్‌ని బట్టి హై ఫ్రీక్వెన్సీ సౌండ్ మారేది. హైపెక్స్ ఎన్‌కోర్, ప్యూరిఫై లాంటి డిజైన్లలో ఆ ఇబ్బంది దాదాపు పోయింది.

5. 120 వోల్ట్స్ ఉచ్చు: స్పీకర్లకి ప్లగ్ లేదు కాబట్టి అమెరికా నుంచి తెచ్చుకోవచ్చు. ఆంప్ అలా కాదు. 120 వోల్ట్స్‌ది మన 230 సాకెట్‌లో పెడితే అంతే సంగతులు. వెనక వోల్టేజ్ మార్చే వీలుందో లేదో చూడండి. లేదంటే సరిపడా వీఏ ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ఒక జాగ్రత్త: మీది ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరైతే ఈ లెక్క మారుతుంది. అది కెపాసిటర్ లాంటిది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఓమ్స్ పడిపోతాయి, కొన్ని మోడల్స్‌లో 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1 ఓమ్ కిందకి కూడా. అక్కడ వాట్స్ కంటే అలాంటి లోడ్‌తో ఆంప్ స్థిరంగా ఉంటుందా అన్నదే ముఖ్యం.

చివరికి ఏమైంది?

హైదరాబాద్‌లో ఫ్రెండ్ దగ్గర 4 ఓమ్స్‌కి 200 వాట్స్ ఇచ్చే స్టీరియో ఆంప్ ఒక వారం అడిగి తెచ్చాం. అదే గది, అవే స్పీకర్లు. గొంతు మనిషి ఎదురుగా నిలబడి పాడినట్టు వచ్చింది, ఆంప్ ఒక్కసారి కూడా ఆగలేదు. లోతైన బేస్ మాత్రం రాలేదు. కంపెనీ స్పెక్ ప్రకారమే ఎల్ఆర్ఎస్ 50 హెర్ట్జ్ వరకే దిగుతుంది, దాన్ని ఏ ఆంప్ మార్చలేదు. అది కావాలంటే సబ్‌వూఫర్ కొనాల్సిందే.

బావ అమ్మకం ఆలోచన మానేశాడు, ఇప్పుడు ఆంప్ కోసం డబ్బులు కూడబెడుతున్నాడు. మీరు కూడా స్పీకర్లకే బడ్జెట్ అంతా ఖర్చు పెట్టేయకండి. 4 ఓమ్స్‌కి నిజంగా 150 నుంచి 200 వాట్స్ ఇచ్చే ఆంప్‌కి ముందే డబ్బు పక్కన పెట్టి, ఆ తర్వాతే స్పీకర్లు ఆర్డర్ చేయండి.