ఊపిరితిత్తుల్లోకి పాకిన క్యాన్సర్‌ని సూదితో కాల్చేస్తే తగ్గిపోతుందా?

ఈరోజు టాపిక్ అబ్లేషన్. "కోత లేదు, కుట్లు లేవు, సూదితో క్యాన్సర్ మాయం" అంటుంటారు చూడండి, అదే. ట్రీట్‌మెంట్ నిజమైనదే. ఆ "మాయం" అన్న మాట దగ్గరే నాకు పేచీ.

ముందు ఒక విషయం. పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ రక్తంలో కొట్టుకొచ్చి ఊపిరితిత్తుల్లో స్థిరపడితే, అది లంగ్ క్యాన్సర్ కాదు. అవి పేగు క్యాన్సర్ కణాలే, మందులు కూడా దానివే ఇస్తారు. ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే "రెండో క్యాన్సర్ వచ్చింది" అని కంగారుపడకండి. పాతదే పాకింది.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చూద్దాం. పేషెంట్‌ని సీటీ స్కాన్ టేబుల్ మీద పడుకోబెడతారు. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ స్క్రీన్ మీద చూసుకుంటూ, పక్కటెముకల సందులోంచి సన్నటి సూదిని గడ్డ మధ్యలోకి దించుతారు. సూది కొన దగ్గర వేడి పుడుతుంది. 60 డిగ్రీలు దాటితే కణంలోని ప్రొటీన్లు గట్టిపడిపోతాయి, కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టే. ఇక ఆ కణం బతకదు. గడ్డతో పాటు దాని చుట్టూ 5 నుంచి 10 మిల్లీమీటర్ల మంచి భాగాన్ని కూడా కావాలనే కాలుస్తారు, అంచుల్లో ఏమీ మిగలకుండా.

వేడి పుట్టించడానికి రెండు దారులున్నాయి. రేడియోఫ్రీక్వెన్సీలో కరెంట్ పంపుతారు. కానీ ఊపిరితిత్తుల నిండా గాలి, గాలిలో కరెంట్ సరిగ్గా పారదు. మైక్రోవేవ్‌కి ఆ ఇబ్బంది తక్కువ. చాలా మెషీన్లు వాడేది 2.45 గిగాహెర్ట్జ్, అంటే మీ ఇంటి వైఫై పక్కింటి ఫ్రీక్వెన్సీ. భయపడకండి, రౌటర్ పవర్ దీని ముందు ఏ మూలకీ రాదు!

అదే గాలి ఒక మేలు కూడా చేస్తుంది. హాట్‌బాక్స్‌లా వేడిని గడ్డలోనే ఆపుతుంది. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే మాత్రం పారే రక్తం ఆ వేడిని లాక్కెళ్ళిపోతుంది, ఆ వైపు కణాలు బతికిపోవచ్చు. దీన్ని డాక్టర్లు హీట్ సింక్ అంటారు. మన ల్యాప్‌టాప్‌లో ఉండేదే, కాకపోతే మనకి అది వరం, వాళ్ళకి తలనొప్పి.

అందుకే గడ్డలు కొన్నే ఉండి, ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్ళకే ఇది బాగా పనికొస్తుంది. రెండు ఊపిరితిత్తుల నిండా చల్లినట్టు ఉంటే సూదితో ఎన్నని కాలుస్తారు?

ఫ్రాన్స్‌లో రెండు క్యాన్సర్ సెంటర్లు 566 మందికి, మొత్తం 1037 గడ్డలకి రేడియోఫ్రీక్వెన్సీతో చేసి, 2015లో ఫలితాలు ప్రచురించాయి. నాలుగేళ్ళకి కాల్చిన చోటే క్యాన్సర్ మళ్ళీ పెరిగినవి సుమారు 11 శాతమే. సూపర్ కదా? అదే రిపోర్టులో ఇంకో అంకె ఉంది. నాలుగేళ్ళ పాటు ఒంట్లో ఎక్కడా జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు 13 శాతం. అంటే సూది తన పని తాను చేసింది, కానీ స్కాన్‌లో కనపడనంత చిన్న కణాలు ఇంకోచోట మొలిచాయి. అయినా వాళ్ళలో సగం మంది ఐదేళ్ళకి పైనే బతికారు. కొత్త గడ్డ వస్తే మళ్ళీ కాల్చొచ్చు, కీమో మార్చొచ్చు. కాకపోతే వీళ్ళంతా ఏరి ఎంచుకున్న పేషెంట్లు, అందరికీ ఈ అంకె వర్తించదు. సర్జరీ, రేడియేషన్‌తో పోల్చి మనకెందుకు ఇదే చెప్తున్నారో డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

రిస్క్ సంగతి. సూది గుచ్చిన చోట గాలి లీకై ఊపిరితిత్తి కాస్త ముడుచుకోవడం తరచుగా జరిగేదే. చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది, కొందరికి ట్యూబ్ పెట్టి గాలి తీయాలి. ఇంటికొచ్చాక ఆయాసం, ఛాతీ నొప్పి, కఫంలో ఎక్కువ రక్తం కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంట్లోవాళ్ళు బెంబేలెత్తేది తర్వాతి స్కాన్ దగ్గర. రిపోర్టులో సైజు 2 సెంటీమీటర్ల నుంచి 4కి పెరిగినట్టు కనిపిస్తుంది! కాల్చింది గడ్డ కంటే పెద్ద ప్రాంతాన్ని కదా, మొదట్లో అలాగే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ కుంచించుకుపోయి మచ్చలా మిగులుతుంది. కుంచించుకున్నది మళ్ళీ పెరిగినా, అంచున కొత్తగా బొడిపె కనిపించినా అప్పుడు ఆలోచించాలి. అందుకే ప్రొసీజర్ తర్వాత తీసిన మొదటి స్కాన్‌తోనే మిగతావాటిని పోలుస్తారు. ఆ సీడీ పారేయకండి, ప్రతిసారీ వెంట తీసుకెళ్ళండి.