ప్రావిడెంటు ఫండు వద్దనవచ్చునా?

కొన్ని దినముల క్రిందట ఒక శ్రోత మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమారుడు ఒక చిన్న కర్మాగారమున క్రొత్తగా ఉద్యోగమున చేరినాడు. మూలవేతనమును, కరువుభత్యమును కలిపి నెలకు 14,000 రూపాయలు. మొదటి నెల జీతమున 1,680 రూపాయలు కోతపడి మిగిలినది చేతికి వచ్చినది. “ఇంటి అద్దె ఉన్నది, చెల్లెలి చదువు ఉన్నది, తీర్చవలసిన అప్పు ఉన్నది. ముసలితనపు మాట తరువాత చూచుకొనవచ్చును గదా! ఈ కోత మాకు వద్దని వ్రాసి యిచ్చినచో సరిపోవునా?” అని ఆమె ప్రశ్న.

ఇది ఒక్క యింటి ప్రశ్న కాదు. నెలజీతముపై నడచు ప్రతి సంసారమునను ఎప్పుడో ఒకప్పుడు పుట్టునదే. గనుక సమాధానమును కొంచెము వివరముగా చెప్పుకొందము.

ఈ కోతకు మూలము 1952 నాటి ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు చట్టము. అంతకు పూర్వము వృద్ధాప్యమున నెలనెలా అందు పింఛను ముఖ్యముగా ప్రభుత్వోద్యోగుల భాగ్యము. చిన్న మిల్లులలో పనిచేసినవారికి చేతులాడినన్నాళ్లే బ్రతుకు. ఈ చట్టము అందని తావులలో ఆ స్థితి ఆ తరువాతను చాల కాలము సాగినది. నా చిన్నతనమున మా వీధిలో ఒక ధాన్యపు మిల్లు గుమాస్తా ఉండెడివారు. ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసి, చూపు మందగించి పని మానిన దినమున ఆయనకు ఒక పంచెల చాపును, ఒక పూలదండను ఇచ్చి పంపినారు. ఆ దండ మరునాటికి వాడినది. ఆయన మాత్రము మరి పదునేడు సంవత్సరములు జీవించినారు. ఆ పదునేడు సంవత్సరములు కొడుకుల యిండ్ల మధ్య ఎట్లు గడచినవో మా వీధివారందరు చూచినారు.

చట్టము మొదట ఆరు పరిశ్రమలకే వర్తించినది: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు సామగ్రి, ఇనుము ఉక్కు, కాగితము, వస్త్రములు. నాడు ఏబదిమంది పనివారున్న కర్మాగారములకే అది వర్తించెడిది. 1960లో ఆ సంఖ్యను ఇరువదికి తగ్గించినారు. చందా నూటికి ఆరుంబావు, అనగా రూపాయికి ఒక అణా. క్రమముగా పెరిగి 1997 నుండి అది సామాన్యముగా నూటికి పండ్రెండైనది. బీడీ, జనుము వంటి కొన్ని పరిశ్రమలకు పది. ఈ చట్టమును మరి ఎనిమిది చట్టములతో చేర్చి పార్లమెంటు 2020లో సాంఘిక భద్రతా స్మృతిని రూపొందించినది. అది 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. ఇరువదిమంది అను హద్దు అందును నిలిచియే యున్నది.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఉద్యోగి వద్దనవచ్చునా? ఇందు మూడు తరగతుల వారిని వేరుచేసి చూడవలెను.

మొదటి తరగతి, మూలవేతనమును కరువుభత్యమును కలిపి నిర్ణీత పరిమితికి లోబడినవారు. 2014 సెప్టెంబరు 1వ తేదీ నుండి విధించిన పరిమితి నెలకు 15,000 రూపాయలు. వీరు పనిలో చేరిన దినము నుండియే సభ్యులు. కంట్రాక్టరు ద్వారా వచ్చిన పనివారును ఇందు చేరుదురు. వీరికి వద్దను హక్కు లేదు.

రెండవ తరగతి, చేరునాటికే పరిమితిని మించిన జీతము గలిగి, అంతకు ముందెన్నడును ప్రావిడెంటు ఫండులో సభ్యులు కానివారు. వీరు చేరనక్కరలేదు. క్రొత్త ఉద్యోగి నింపు పదకొండవ నంబరు ఫారములో ఈ సంగతిని తెలుపవలెను. ఇష్టమైనచో యజమాని అంగీకారముతో చేరవచ్చును. మన దేశమున నిజముగా ఎన్నుకొను స్వేచ్ఛ గలది వీరికే; అదియు ఆ మొదటి గడప దగ్గరనే.

మూడవ తరగతి, ఒకసారి సభ్యులైన పిమ్మట జీతము పెరిగి పరిమితిని దాటినవారు. వీరు మానుకొన వీలు లేదు. అయితే చందాను పరిమితి మేరకే, అనగా 15,000 రూపాయలపై నూటికి పండ్రెండు చొప్పున 1,800 రూపాయలకే, కట్టవచ్చును. మరొక కొలువున చేరినను ఈ సభ్యత్వము వెంట వచ్చును.

మరి యజమానియు, ఉద్యోగియు ఏకాభిప్రాయముతో “మాకు అక్కరలేదు” అని కాగితముపై సంతకము చేసినచో? ఆ కాగితమునకు విలువ లేదు. ఇరువురి వాటాలను ముందుగా జమకట్టు బాధ్యత యజమానిదే. తన వాటాను పనివాని జీతమునుండి రాబట్టుకొనుట నిషిద్ధము. చందా పేరుచెప్పి జీతమును తగ్గించుటయు నిషిద్ధమే. మూలవేతనమును కొంచెముగా చూపి తక్కినదంతయు భత్యములని వ్రాయు పద్ధతి యొకటి ఉన్నది. అందరికి ఒకే తీరున ఇచ్చు భత్యములను మూలవేతనములో చేర్చియే చందా లెక్కింపవలెనని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఇంత కట్టుదిట్టము ఎందుకని మీరు అడుగవచ్చును. తన కష్టార్జితమును తన యిష్టము వచ్చినట్లు వాడుకొను స్వేచ్ఛ మనుష్యునకు ఉండవలదా? బ్రిటనులో దీనికి వేరొక మార్గమున్నది. 2008 నాటి శాసనము ననుసరించి అచట 2012 నుండి అర్హులైన ఉద్యోగులను తామడుగకుండగనే పింఛను పథకమున చేర్చుచున్నారు. చేర్చిన నెలలోగా వద్దన్నవారికి కట్టిన సొమ్ము తిరిగి వచ్చును. సుమారు మూడేండ్లకు మరల చేర్చుదురు, మరల వద్దనవచ్చును.

మన చట్టము ఆ స్వేచ్ఛను ఇవ్వకుండుటకు కారణము గలదు. కూలికొరకు వచ్చిన వానికిని, కూలి యిచ్చువానికిని బలము సమానము కాదు. వద్దను హక్కు ఉన్నచో “ఇక్కడ సంతకము పెట్టి పనిలో చేరుము” అని మొదటి దినముననే అడుగువారుందురు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో ఇంటి అరుగుమీద కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీలను తలచుకొనుడు. బీడీ పరిశ్రమకు ఈ చట్టము 1977లో వర్తించినది. ఇంటివద్ద పనిచేయువారు తమ ఉద్యోగులే కారని తయారీదారులు వాదించినారు. వారును ఉద్యోగులేయని 1985లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. చందా ఐచ్ఛికమైయున్నచో ఆ వాదమునకు అవసరమే కలుగకపోయెడిది. ఒక్క వేలిముద్రతో సరిపోయెడిది.

ఇప్పుడు జాబు వ్రాసిన తల్లిగారి లెక్క చూతము. కుమారుని జీతమునుండి 1,680 రూపాయలు పోయినవి, నిజమే. యజమానియు అంతే మొత్తము చెల్లించును. అందులో 1,166 రూపాయలు పింఛను నిధికిని, తక్కిన 514 రూపాయలు కుమారుని ఖాతాకును పోవును. అనగా ఖాతాలో నెలకు 2,194 రూపాయలు చేరును. దానిపై వడ్డీ వచ్చును. పది సంవత్సరముల సేవ పూర్తియైనవారికి 58వ యేట పింఛను హక్కు కలుగును. సభ్యుడు కొలువులో ఉండగా మరణించినచో, ఒక్క నెల చందా కట్టియున్నను, భార్యాబిడ్డలకు పింఛను వచ్చును. దీనికి తోడు బీమా కలదు. 2021లో నిర్ణయించిన ప్రకారము దాని గరిష్ఠ మొత్తము 7 లక్షల రూపాయలు. ఈ బీమాకై ఉద్యోగి ఒక్క పైసయైనను కట్టనక్కరలేదు. కోత వద్దనుట యనగా ఇవన్నియు వద్దనుటయే.

నేటి అప్పు నేటిదే. దానిని తేలికగా మాటలాడుట న్యాయము కాదు. అందుచేతనే వైద్యము, వివాహము, చదువు, ఇల్లు మొదలైన అవసరములకు నియమముల మేరకు సొమ్ము తీసికొను వీలు కల్పించినారు. కాని ప్రతి చిన్న అవసరమునకును చేయి పెట్టినచో గాదె ఖాళీయగును.

కావున అమ్మా, మీ కుమారుడు వద్దని వ్రాసి యిచ్చుటకు వీలు లేదు. అతడు చేయవలసిన పనులు వేరే యున్నవి. పండ్రెండంకెల తన ఖాతా సంఖ్యను అడిగి తెలిసికొనవలెను. కోసిన సొమ్ము నెలనెలా ఖాతాలో పడుచున్నదో లేదో చూచుకొనవలెను. కోత జీతపు చీటిలో ఉండి ఖాతాలో లేకున్నచో ప్రావిడెంటు ఫండు కార్యాలయమునకు వెంటనే వ్రాయవలెను. వారసుల పేర్లు నమోదు చేయవలెను. పరిమితులును, నియమములును ప్రకటనలచే మారుచుండును గనుక ఏటేట ఒకసారి విచారించుకొనవలెను.

అతడు పని చాలించి యింటికి వచ్చు దినమున పూలదండతోపాటు పాసుపుస్తకము కూడ చేతిలో ఉండవలెను. దండ మరునాటికి వాడును గదా!