అటారీకి అచ్చొచ్చిన 1982

బే ఏరియాలో ఉంటూ సన్నీవేల్ గుడికి ఒక్కసారైనా వెళ్లని తెలుగువాళ్లు అరుదు. ఆ గుడికి దగ్గర్లోనే, 237 హైవేకి అవతల బొరెగస్ అవెన్యూలో, ఒకప్పుడు అటారీ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. ఇవాళ మనం దోసెకో బిర్యానీకో కారు ఆపే ఎల్ కమీనో రోడ్డు మీదే 1972లో యాండీ క్యాప్స్ అనే బారుండేది. అటారీ తన మొదటి పాంగ్ మిషన్ని పెట్టింది అక్కడే. కొన్నాళ్లకి మిషను ఆగిపోయిందని బారువాళ్లు కబురుపెడితే, దాన్ని తయారుచేసిన ఆల్ ఆల్‌కార్న్ వచ్చి విప్పి చూశాడు. మిషనుకి ఏమీ కాలేదు, చిల్లర డబ్బా నిండి పొంగిపోయింది, అంతే.

పదేళ్లు తిరిగేసరికి ఆ చిల్లర ఎంతయిందో 1982 జనవరి 18 నాటి టైమ్ పత్రిక లెక్క కట్టింది. ఒక్క ఏడాదిలో అమెరికన్లు వీడియో గేమ్ మిషన్లలో వేసిన క్వార్టర్లు 2,000 కోట్లట. అంటే 500 కోట్ల డాలర్లు. ఆ మార్చిలో ‘ప్యాక్‌మ్యాన్ ఫీవర్’ అనే పాట బిల్‌బోర్డ్ పట్టికలో 9వ స్థానానికి ఎక్కింది. వేసవిలో డిస్నీ ‘ట్రాన్’ సినిమా వచ్చింది. డల్లాస్ పక్కనున్న మెస్కీట్ ఊరివాళ్లు, పదిహేడేళ్లు నిండని పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా ఆర్కేడ్‌లో ఆడకూడదని రూలు పెడితే, ఆ తగువు మీద ఫిబ్రవరిలో ఏకంగా సుప్రీంకోర్టే తీర్పు చెప్పాల్సి వచ్చింది. నవంబర్‌లో దేశ సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ ఈ ఆటలు పిల్లల్ని చెడగొడుతున్నాయని ఒక సభలో అనేసి, మర్నాడే అది తన సొంత అభిప్రాయం మాత్రమేనని సర్దుకున్నాడు. ఇవాళ మనం సెల్‌ఫోన్ల గురించి పిల్లల్ని కోప్పడే మాటలు దాదాపు అన్నీ ఆయన అప్పుడే వాడేశాడు.

ఇదంతా బయటి హడావుడి. అసలు డబ్బు ఇళ్లలోకి మారింది. వార్నర్ కమ్యూనికేషన్స్ 1976లో అటారీని 2 కోట్ల 80 లక్షల డాలర్లకి కొన్నది. టీవీకి తగిలించుకుని ఆడుకునే అటారీ మిషను మరుసటి ఏడాది వచ్చింది. 1982లో అటారీ అమ్మకాలు సుమారు 200 కోట్ల డాలర్లు. సినిమాలు, పాటలు, పుస్తకాలు అన్నీ ఉన్న వార్నర్ సామ్రాజ్యానికి వచ్చే లాభంలో సగానికి పైగా ఈ ఆటబొమ్మల కంపెనీదే. కాగితం మీద చూస్తే అటారీ చరిత్రలో అంతకంటే గొప్ప ఏడాది లేదు. ఆ కాగితం ఎలా తయారైందన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ మిషను సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే కాబట్టి విసుగు రాదనుకుంటాను. అందులో ఉన్న మెమరీ మొత్తం 128 బైట్లు. ఇవాళ కంప్యూటర్లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి, మీరు చదువుతున్న ఈ వాక్యమే అందులో పట్టదు. బొమ్మని దాచుకునే చోటు అసలే లేదు. టీవీలో కిరణం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసే లోపల, ఆ గీతలో ఏముండాలో ప్రోగ్రామర్ చిప్‌కి చెప్పేయాలి. గీతకి దొరికే వ్యవధి 76 సైకిళ్లు. చెప్పడం ఆలస్యమైతే బొమ్మ వంకర.

టాడ్ ఫ్రై అనే కుర్రాడు ప్యాక్‌మ్యాన్‌ని ఇలాంటి మిషన్లోకి, అదీ 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లోకి, కుదించాల్సి వచ్చింది. ఆర్కేడ్‌లో ప్యాక్‌మ్యాన్ వెంట నాలుగు దయ్యాలు పడతాయి. ఈ మిషన్లో అన్నిటినీ ఒకేసారి గీయడం కుదరక, ఒక్కో ఫ్రేములో ఒక్కో దయ్యాన్ని గీశాడు. సెకనుకి 60 ఫ్రేములు, దయ్యానికి 15. ఫలితం, దయ్యాలన్నీ కరెంటు సరిగ్గా లేని ట్యూబులైట్లలా మినుకుమినుకుమన్నాయి. రంగులు వేరు, దారులు వేరు, చప్పుడు వేరు. పిల్లలు పెదవి విరిచారు. అయినా 70 లక్షలకి పైగా అమ్ముడై, ఆ మిషను మీద అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆటగా నిలిచింది. పేరు చూసి కొన్నవాళ్ల లెక్క అది. ఆడి మెచ్చినవాళ్ల లెక్క వేరే ఉంటుంది, దాన్ని సన్నీవేల్‌లో ఎవరూ తీయలేదు. పైగా అమ్ముడైనవాటికంటే లక్షల్లో ఎక్కువ తయారు చేసి పెట్టారు.

అదే మిషను మీద ఏం చేయొచ్చో ఆ ఏడాదే ఇంకొకరు చూపించారు. అటారీలో పనిచేసే నలుగురు ప్రోగ్రామర్లు, డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, ల్యారీ కాప్లన్, కంపెనీ అమ్మకాల్లో సగానికి మించి తాము రాసిన ఆటల వల్లే వస్తున్నాయని లెక్క చూసుకున్నారు. పెట్టె మీద పేరైనా వేయమని అడిగారు. బట్టల మిల్లుల వ్యాపారం నుంచి వచ్చిన అటారీ అధిపతి రే కాసర్‌కి ఆ కోరిక అర్థమైనట్టు లేదు. నలుగురూ బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. ఒకరు చేసిన మిషనుకి వేరొకరు ఆటలు రాసి అమ్మడం అంతకు ముందు లేదు. అటారీ కోర్టుకెళ్లింది, ఆపలేకపోయింది. 1982లో క్రేన్ ‘పిట్‌ఫాల్’ తెచ్చాడు. పరుగెత్తే మనిషి, మొసళ్లు, ఊగే తీగలు, 255 తెరల అడవి. అంత అడవినీ దాచే చోటు లేదు గనక, ఒక్క బైటు విలువని తిప్పి తిప్పి ఏ తెరలో ఏముండాలో అప్పటికప్పుడు పుట్టించాడు. 40 లక్షలకి పైగా అమ్ముడైంది. నా మటుకు నాకు ఆ ఏడాది ఏదైనా విజయముంటే ఆ బైటుదే.

యాక్టివిజన్ డబ్బు చూసి అందరూ దిగారు. పొద్దున్నే మనం తినే ఓట్స్ డబ్బా మీద పేరున్న క్వేకర్ ఓట్స్ కూడా ఒక వీడియో గేమ్ కంపెనీని కొనేసింది. ఆగస్టులో కొలికో అనే కంపెనీ తన మిషన్ని డాంకీ కాంగ్ ఆటతో కలిపి అమ్మింది. అదే సమయంలో కమడోర్ 64 కంప్యూటర్ 595 డాలర్లకి దిగింది. పిల్లాడికి ఆటలకిచ్చే డబ్బుతో కంప్యూటరే కొనివ్వొచ్చు కదా అన్న ఆలోచన అమెరికన్ తండ్రులకి అప్పుడే మొదలైంది.

ఇప్పుడు ఆ కాగితం దగ్గరికి వద్దాం. 1981లో అటారీ సరుకు దొరక్క దుకాణాలు అల్లాడాయి. వంద అడిగితే అరవయ్యో డెబ్బయ్యో వచ్చేవి. ఆ అక్టోబర్‌లో అటారీ తన డిస్ట్రిబ్యూటర్లని పిలిచి, వచ్చే ఏడాది మొత్తానికీ కావలసినవి ఇప్పుడే రాసివ్వమంది. వాళ్లేం చేస్తారు? ఉగాది సభలో భోజనం చాలదని తెలిసి, ఇంట్లో నలుగురుంటే ఎనిమిది ప్లేట్లకి పేర్లిచ్చే పెద్దమనుషులు మన సంఘాల్లో లేరా? వాళ్లూ అదే చేశారు. అటారీ ఆ ఆర్డర్లన్నీ నిజమనుకుని ఫ్యాక్టరీలు నడిపింది. అడిగినంత సరుకూ ఈసారి నిజంగానే వచ్చి గోడౌన్లలో కూర్చుంది. పక్కనే యాక్టివిజన్‌వీ, కొలికోవీ, పేరు వినని పదిమందివీ. అప్పుడు మొదలయ్యాయి రద్దులు. మొదటి ఆరు నెలల లాభాల్లో కనపడిన అంకెల్లో చాలా భాగం దుకాణం దాకా వెళ్లిన సరుకుది, ఇంటికి చేరిన సరుకుది కాదు.

ఆ వేసవిలోనే స్పీల్‌బర్గ్ ‘ఈ.టి.’ సినిమా దేశాన్ని ఊపేసింది. ఆట హక్కుల కోసం వార్నర్ పెద్దలు కోట్ల డాలర్లకి బేరం కుదుర్చుకుని, ఆ తర్వాత జూలై చివర్లో అటారీ ప్రోగ్రామర్ హవర్డ్ స్కాట్ వార్షాకి ఫోన్ చేయించారు. క్రిస్మస్‌కి దుకాణాల్లో ఉండాలంటే సెప్టెంబర్ 1కి పూర్తవ్వాలి. మామూలుగా అప్పట్లో ఒక ఆటకి అయిదారు నెలలు పట్టేది. ఇతనికి దొరికినవి అయిదు వారాలు. వార్షా తక్కువవాడు కాదు, ‘యార్స్ రివెంజ్’ రాసినవాడు. తన ఆలోచన చెప్పబోతే, ప్యాక్‌మ్యాన్‌లాంటిది చేయకూడదా అని స్పీల్‌బర్గ్ అడిగాడని తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఇంట్లో కూడా పని చేసే సరంజామా పెట్టుకుని గడువులో ముగించాడు. ఆటలో ఈ.టి. అడుగడుక్కీ గోతుల్లో పడుతుంటాడు. మెల్లగా పైకి లేస్తాడు, అంచు తగిలి మళ్లీ పడతాడు. కాసేపటికి ఆడే పిల్లాడు కంట్రోలర్ కింద పెట్టేస్తాడు. మొదట్లో దాదాపు 15 లక్షలు అమ్ముడైంది. మామూలు రోజుల్లో అది సూపర్‌హిట్టే. కానీ తయారు చేసినవి 40 లక్షలు.

డిసెంబర్ 7న వార్నర్ ఒక ప్రకటన చేసింది. ఈ ఏడాది లాభం 50 శాతం పెరుగుతుందని మార్కెట్ అనుకుంటోంది, పెరిగేది 10 నుంచి 15 శాతమే అని. లాభం పోలేదు, తగ్గలేదు, పెరగడమే కాస్త తగ్గింది. మర్నాడు వార్నర్ షేరు విలువలో మూడో వంతు ఆవిరైంది. ఆ ప్రకటనకి 23 నిమిషాల ముందు రే కాసర్ తన 5,000 షేర్లు అమ్ముకున్నాడని తర్వాత బయటపడింది. తప్పొప్పుకోకుండానే ఆ లాభాన్ని తిరిగిచ్చి కేసు సర్దుబాటు చేసుకున్నాడు.

1983లో జరిగింది అందరికీ తెలిసిన కథే అయినా, అందులో ఒక్క సంగతి ఎప్పుడూ వెనకబడిపోతుంది. దుకాణాలవాళ్లు మిగిలిన కార్ట్రిడ్జ్‌లని వెనక్కి తీసుకోమన్నారు. చిన్న కంపెనీల దగ్గర తిరిగివ్వడానికి డబ్బు లేదు, కొన్ని అప్పటికే మూతపడ్డాయి. దాంతో 30 డాలర్ల ఆటల్ని బుట్టల్లో పోసి అయిదు డాలర్లకి అమ్మేశారు. పక్కనే మంచి ఆట 30 డాలర్లకి ఉన్నా ఏ తల్లి కొంటుంది? చెత్త ఆటలు మంచి ఆటల ధరని కూడా లాక్కుపోయాయి. అటారీకి ఆ ఒక్క ఏడాదే 50 కోట్ల డాలర్లకి పైగా నష్టం. దెబ్బ మొదట తగిలింది ప్రోగ్రామర్లకి కాదు. ఫిబ్రవరిలోనే 1,700 మందిని తీసేస్తున్నామనీ, తయారీని హాంకాంగ్‌కీ తైవాన్‌కీ తరలిస్తున్నామనీ కంపెనీ ప్రకటించింది. సెప్టెంబర్‌లో అమ్ముడుపోని సరుకుని టెక్సస్‌లోని ఎల్ పాసో నుంచి లారీల్లో తీసుకెళ్లి, న్యూ మెక్సికోలో అలమొగోర్డో ఊరి చెత్తకుప్పలో పూడ్చి పైన కాంక్రీటు పోశారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే ఈ.టి. ఒక్కటే కాదు, బాగా అమ్ముడైన ఆటలు కూడా దొరికాయి. తవ్వకం చూడ్డానికి వార్షా కూడా వెళ్లాడు. ఆయన ఇప్పుడు సిలికాన్ వ్యాలీలో మానసిక చికిత్స చేస్తుంటాడు.

మనవైపు తొంభైల్లో పెరిగినవాళ్లకి అటారీ పేరు పెద్దగా తెలీదు, మారియో తెలుసు, కాంట్రా తెలుసు. ఈ ఆటలతో మన బజార్లలో దొరికిన నకలు మిషన్లకి అసలు మాతృక నింటెండో 1983 జూలైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్. దాన్ని జపాన్ బయట అమ్మే హక్కు అటారీకే ఇద్దామని నింటెండో ముందు మాట్లాడింది. సంతకాలకి దగ్గరపడిన సమయంలో నింటెండో ఆట డాంకీ కాంగ్ కొలికో కంప్యూటర్ మీద కనపడింది, కంప్యూటర్లలో ఆ ఆట హక్కు తనదని అటారీ అలిగింది, ఆలోపు కాసర్ ఉద్యోగమూ పోయింది.

1985 అక్టోబర్‌లో నింటెండో తనంతట తానే న్యూయార్క్‌కి వచ్చింది. పక్కనే న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో గోడౌన్ తీసుకుంది. వీడియో గేమ్ అన్న మాట వింటేనే దుకాణదారులు తలుపు మూసేస్తున్నారు. అందుకని మిషన్ని వీసీఆర్‌లా కనపడేట్టు చేసి, పక్కన ఒక బొమ్మ రోబోని పెట్టారు. అదీ చాల్లేదు. చివరికి నింటెండో అమెరికా అధిపతి మినోరు అరకావా ఒక షరతుకి ఒప్పుకున్నాడు. సరుకు మేమే తెచ్చి అద్దాల్లో సర్దిపెడతాం, 90 రోజుల దాకా పైసా ఇవ్వొద్దు, అమ్మినవాటికే లెక్క కట్టండి, మిగిలినవి మేమే పట్టుకుపోతాం. ఆ క్రిస్మస్‌కి న్యూయార్క్‌లో దుకాణాలు మళ్లీ వీడియో గేములకి ఒక అర ఖాళీ చేశాయి.