నాడీసందేశ గ్రాహకము: ప్రయోగశాలలో దాని పునర్నిర్మాణము

మనము వ్రేలు కదపవలెనని సంకల్పించినంతనే, నాడీతంతువు కొననుండి అసిటైల్‌కోలిన్ అను రసాయనద్రవ్యము వెలువడి, నాడికిని కండరమునకును నడుమనున్న సుమారు 50 నానోమీటర్ల అంతరమును దాటి, కండరకణపు పొరలో నాటుకొనియున్న ఒకానొక మాంసకృత్తును చేరును. దానికే గ్రాహకమని పేరు. ఐదు ఉపాంగములు వలయముగా గూడి నడుమ సన్నని రంధ్రము నేర్పరచుటయే దీని నిర్మాణము. అసిటైల్‌కోలిన్ అణువులు రెండు వచ్చి తగులుకొనగనే ఆ రంధ్రము తెరచుకొని, సోడియం అయానులు లోనికి ప్రవహింపగా, కండరము సంకోచించును.

ఇట్టి పదార్థమొకటి కండరమున నుండితీరవలెనని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు లాంగ్లీ 1905లోనే ఊహించెను. నాడిని ఖండించి అది క్షీణించినపిదప గూడ నికోటిన్ తాకిడికి కండరము ముడుచుకొనుటయు, క్యురారె విషము ఆ సంకోచము నడ్డుటయు చూచి, ఈ రెండు ద్రవ్యములును పనిచేయుచోటు నాడి గాక కండరమే యని ఆయన నిర్ణయించెను. అయినను ఆ పదార్థమును వేరుచేసి చూపుట మరి 65 సంవత్సరములవరకు సాధ్యపడలేదు. ఏలయన సాధారణ కండరమున గ్రాహకములు నాడి వచ్చి కలియు అత్యల్పస్థలమందే గుమిగూడి యుండును. ఈ చిక్కును విప్పుటకు విద్యుత్తును పుట్టించు చేపలును, ఒక పామును తోడ్పడినవి. ఈలుచేప, టార్పెడో చేపల విద్యుదవయవము కండరమునుండియే రూపొందినదగుటచే అందు గ్రాహకములు దట్టముగా నుండును. మన పొలములలో తిరుగు కట్లపామునకు జ్ఞాతియైన తైవాను పాము విషమునుండి 1963లో చాంగ్, లీ అనువారు వేరుచేసిన ఆల్ఫా బంగరోటాక్సిన్ ఈ గ్రాహకమును పట్టినచో సులభముగా విడువదు. ఆ విషమును ఆధారముగా గొని పారిస్ నగరపు పాశ్చర్ సంస్థలో షాంజూ బృందము 1970లో ఈలుచేపనుండి గ్రాహకమును వేరుపరచెను. క్యోటోలో నూమా బృందము 1982లో టార్పెడో గ్రాహకపు ఉపాంగమొకదాని జన్యుసందేశమును చదివి, మరుసటి ఏటనే తత్సమానమైన మానవజన్యువును గూడ వెలువరించెను.

చేపల గ్రాహకము మానవ గ్రాహకమును పోలినదే గాని అదియే కాదు. మయస్థీనియా గ్రావిస్ అను వ్యాధియందు రోగి దేహము తన గ్రాహకములపైననే ప్రతిరక్షకములను పుట్టించుకొనగా, కనురెప్పలు వాలిపోవును, ఆహారము మ్రింగుటయే కష్టమగును. ఈలుచేప గ్రాహకమును ఎక్కించిన కుందేళ్ళు ఇట్టి దుర్బలతకే లోనగుట 1973లో అమెరికాలో పాట్రిక్, లిండ్‌స్ట్రామ్ గమనించిరి. రోగి రక్తమున ఆ ప్రతిరక్షకములను సరిగా కొలుచుటకు మానవ గ్రాహకమే కావలెను. అందుకై తొలిరోజులలో శస్త్రచికిత్సయందు తొలగింపబడిన కాళ్ళ కండరములపై ఆధారపడవలసి వచ్చెను. ఒకరి అంగచ్ఛేదమునకై ఎదురుచూడక, కావలసిన గ్రాహకమును కణములచేతనే చేయించుకొన గలుగుట పునస్సంయోజిత విధానము కలిగించిన మహోపకారము.

మేలుజాతి మామిడికొమ్మను నాటుమొక్కకు అంటుకట్టినచో వేరు దేనిదైనను ఫలము కొమ్మ జాతిదే యగునట్లు, ఈ విధానమున మానవ జన్యుసందేశమును ప్లాస్మిడ్ అను వలయాకారపు డి.ఎన్.ఎ.లో చేర్చి కణములందు ప్రవేశపెట్టినచో, అవి మానవ మాంసకృత్తునే తయారుచేయును. ఇన్సులిన్ వంటి చిన్న మాంసకృత్తునకు బాక్టీరియా చాలినను, గ్రాహకమునకు చాలదు: దీని ప్రతి ఉపాంగమును కణపొరను నాలుగుమార్లు దాటవలెను, సరియైన మడతలు పొందవలెను, చక్కెర అణువులను ధరింపవలెను, పిదప ఐదును క్రమము తప్పక కూడవలెను. కావున క్షీరదముల కణములను, విశేషించి హెచ్.ఇ.కె. 293 అను మానవ మూత్రపిండ కణములను ఇందుకు వినియోగింతురు. పొరనుండి వెలికితీసినపుడు నీటిలో ముద్దకట్టకుండ డిటర్జెంటును జోడింతురు; గ్రాహకమునకు ముందుగనే అమర్చియుంచిన హిస్టిడిన్ అను అమైనో ఆమ్లపు తోక నికెల్ అయానుల నంటుకొను గుణముచే శుద్ధిచేసి, సాధారణముగా సున్నకు 80 డిగ్రీలు దిగువన భద్రపరతురు.

అమైనో ఆమ్లముల వరుస సరిపోయినంతమాత్రమున గ్రాహకము సిద్ధించినదని తలపరాదు. మడత చెడినచో పామువిషము దానిని గట్టిగా పట్టుకొనదు. అందుచే ఆ విషమే నేటికిని దానికి పరీక్షాసాధనము. ఔషధము తగులుకొనునో లేదో తెలియుటకు శుద్ధిచేసిన గ్రాహకము చాలును గాని, రంధ్రము తెరచుకొనుటను కొలువవలెనన్న అది సజీవమో కృత్రిమమో యగు పొరలో నిలిచియుండవలెను. ఒక్క గ్రాహకము గుండ పారు విద్యుత్తును కొలుచు ఉపాయమును నేహర్, సాక్‌మన్ 1976లో కప్ప కండరముపై చూపి, 1991లో నోబెల్ బహుమానము పొందిరి. కావున సీసాపై వ్రాసిన పేరును బట్టి గాక, అందలి మాంసకృత్తు దేహమున తాను చేయు పనిలో ఏ భాగమును ఇంకను నిలుపుకొన్నదో విచారించి, దానికి తగిన ప్రశ్ననే అడుగుట పరిశోధకుని ప్రథమధర్మము. ఈ వివేకము లోపించినచో మానవ గ్రాహకముతో చేసిన ప్రయోగము గూడ మానవుని గూర్చి ఏమియు తెలుపజాలదు.