తేట నీరు, తరగని ప్లాస్టిక్

గ్రీసు దీవుల ఫొటోలు చూసినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. అడుగున ఇసుక కూడా కనిపించేంత తేటగా ఉన్న ఆ నీళ్ళలో ప్లాస్టిక్ కాలుష్యం ఏమిటి, ఎవరో పెంచి చెబుతున్నారు కదా అని. సముద్రం విషయంలో తేటదనానికీ శుభ్రతకూ చుట్టరికం లేదు. కడలి నీటిని మసకబార్చేవాటిలో ముఖ్యమైనవి ప్లవకాలు, అంటే కంటికి ఆనని మొక్కలూ జీవులూ. ఆ దీవులున్న మధ్యధరా సముద్రంలో వాటికి కావలసిన నత్రజని, భాస్వరం తక్కువ, తూర్పు సగంలో మరీ తక్కువ. తిండి లేక ప్లవకాలు పెరగవు కాబట్టే ఆ నీరు అంత నీలం. అది కరువు రంగు. 5 మిల్లీమీటర్లకు లోపు ఉండే ప్లాస్టిక్ ముక్కలు, అంటే మైక్రోప్లాస్టిక్, నీటి రంగు మార్చేంత దట్టంగా ఎక్కడా ఉండవు. అయినా 2010 వేసవిలో వాయవ్య మధ్యధరాలో వలలు లాగి తూచిన శాస్త్రవేత్తలకు సగటున జంతుప్లవకాల బరువులో సగం బరువు ప్లాస్టిక్ దొరికింది. ప్లవకాలను తిని బతికే చేపకు తిండికీ నలుసుకూ మధ్య నిష్పత్తి ముఖ్యం, ఫొటోలో నీలం కాదు.

ఈ సముద్రం ఇలా కావడానికి ఒడ్డున ఉన్నవాళ్ళ అలవాట్లు సగం కారణమైతే, మిగతా సగం దాని నిర్మాణం. పెరట్లో సిమెంటు గాబును తీసుకోండి. పైన కుళాయి ధార పడుతోంది, పక్క గోడకు సగం ఎత్తులో ఒక బెజ్జం ఉంది. గాబులో రాలిన ఎండుటాకులు తేలుతూ ఉండిపోతాయి, ఎందుకంటే నీరు బయటికి పోయేది వాటి కింద నుంచి. నాని మునిగిన ఆకులు బెజ్జాన్ని దాటి అడుక్కి చేరి, అక్కడే కుళ్ళుతాయి. బయటికి పోయేది నీరొక్కటే. మధ్యధరా అచ్చం ఇంతే. దానికి మహాసముద్రంతో ఉన్న దారి జిబ్రాల్టర్ జలసంధి, బాగా ఇరుకైన చోట 14 కిలోమీటర్ల వెడల్పు. ఎండకు ఆవిరైపోయే నీరు వానలూ నదులూ తెచ్చేదానికన్నా ఎక్కువ కావడంతో ఆ లోటు పూడ్చడానికి అట్లాంటిక్ నీరు పై పొరగా లోపలికి వస్తుంది. లోపల ఆవిరయ్యే కొద్దీ ఉప్పదనం కిలోకు 36 గ్రాముల నుంచి 38 దాటుతుంది, ఆ బరువెక్కిన నీరు అడుగు పొరగా బయటికి పోతుంది. జలసంధిలో గడప లాంటి మిట్ట ఒకటి సుమారు 300 మీటర్ల లోతులో ఉంటే, సముద్రం సగటు లోతు 1,500 మీటర్లు. కాబట్టి తేలే ప్లాస్టిక్‌కు లోపలికి వచ్చే ప్రవాహం ఎదురవుతుంది, మునిగిన దానికి గడప అడ్డు. పైగా ఈ సముద్రంలోని నీరు మొత్తం ఒకసారి మారడానికి దాదాపు వందేళ్ళు పడుతుంది. దక్షిణం వైపు బార్లా తెరిచి ఉన్న మన బంగాళాఖాతానికి ఈ ఇబ్బంది లేదు, దాని ఇబ్బందులు వేరు.

సరే, ఎంత ఉంది? 2013లో స్పెయిన్ శాస్త్రవేత్తలు చేసిన సర్వే ప్రకారం ఉపరితలంపై తేలేది 1,000 నుంచి 3,000 టన్నులు, సగటున ప్రతి 4 చదరపు మీటర్లకు ఒక ముక్క. పసిఫిక్‌లో ఉన్నట్టు చెత్త ఒకచోట గుమిగూడే స్థిరమైన ప్రాంతం కూడా ఇక్కడ లేదు. ఇరవై ఒక్క దేశాల తీరం ఉన్న సముద్రానికి మూడు వేల టన్నులు లెక్కా అని ఎవరైనా అడగవచ్చు. కానీ తేలేది మొత్తంలో కొసరు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలుతాయి, నీళ్ళ సీసాల పెట్, నైలాన్, పీవీసీ మొదటి నుంచీ మునుగుతాయి. తేలేవి కూడా పాచి పట్టి, ప్లవకాల మలంలో ఇరుక్కుని బరువెక్కి దిగిపోతాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ఇటలీ పక్కనున్న టిరేనియన్ సముద్రపు అడుగు మట్టిని పరిశీలించింది. ఒక చదరపు మీటరులో, కేవలం పై 5 సెంటీమీటర్ల పొరలో, గరిష్ఠంగా 19 లక్షల ముక్కలు. వాటిలో ఎక్కువ భాగం బట్టల నుంచి రాలే పీచు. ఇక్కడ మన గాబు పోలిక కాస్త తడబడుతుంది, ఎందుకంటే సముద్రం అడుగు నిశ్చలం కాదు. లోతు ప్రవాహాలు ఆ పీచును సమంగా పరచకుండా కొన్ని దిబ్బల్లో పోగుచేస్తాయి. అడుగు జీవులకు ప్రాణవాయువూ తిండీ తెచ్చేవి కూడా ఆ ప్రవాహాలే కాబట్టి, జీవం ఎక్కువున్న చోటే ప్లాస్టిక్ కూడా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

సముద్రం దేన్నీ తనలో ఉంచుకోదు, ఏది వేసినా ఒడ్డుకు విసిరేస్తుందని మన దగ్గర ఒక నమ్మకం. బూడిద నుంచి విగ్రహాల దాకా నీళ్ళలో కలిపేసి చేతులు దులుపుకోవడానికి పనికొచ్చే నమ్మకం. వింత ఏమిటంటే, అందులో ఇసుమంత నిజాన్ని పోసిడోనియా అనే మొక్క చేసి చూపిస్తుంది. మధ్యధరాకే పరిమితమైన ఈ సముద్రపు గడ్డి నాచు కాదు, పూలు పూసే అసలైన మొక్క. దాని ఆకు మొదళ్ళ పీచు అలల్లో దొర్లి కొబ్బరి పీచు ఉండల్లా తయారై తుఫానులప్పుడు తీరానికి కొట్టుకొస్తుంది. మల్లోర్కా తీరంలో ఏరిన ఉండల్లో 17 శాతంలోనే ప్లాస్టిక్ ఉంది, కానీ ఉన్నచోట కిలో పీచుకు దాదాపు 1,500 ముక్కల దాకా చిక్కుకున్నాయని 2021లో బార్సిలోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. జీతం అడగని ఈ పారిశుద్ధ్య కార్మికురాలి పట్ల మనుషుల కృతజ్ఞత చూడండి. విలాస పడవల లంగర్లు ఆ పచ్చికను పెళ్ళగిస్తాయి, తీరానికి చేరిన ఆకులను పర్యాటకుల కళ్ళబడకుండా చెత్తగా ఎత్తి పారేస్తారు.

మరి ఓడలు పెట్టి తోడేయకూడదా? మైక్రోప్లాస్టిక్‌ను పట్టేంత సన్న కంత వల ప్లవకాలనూ పడుతుంది. అసలే కరువులో ఉన్న నీటి నుంచి ఉన్న తిండినీ తీసేయడం అవుతుంది. అయినా ఇదంతా మనిషికి హాని చేస్తుందని రుజువైందా అన్న అభ్యంతరం న్యాయమైనదే. పెద్ద చేపల్లో ప్లాస్టిక్ ఎక్కువగా కడుపులో, పేగుల్లో ఉంటుంది, వాటిని మనం తీసేస్తాం. నెత్తళ్ళ వంటి చిన్న చేపలనూ, ఆల్చిప్పల మాంసాన్నీ మొత్తంగా తినేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. ఒంట్లో చేరిన తర్వాత ఏం జరుగుతుందన్నది ఇంకా తేలవలసిన విషయం. కానీ తేలేదాకా ఆగుదామనడానికి వీల్లేనిది ఈ గాబు నిర్మాణం వల్లే. ఇతర కాలుష్యాల్లో తప్పు తెలిశాక మానేస్తే సముద్రం కోలుకుంటుందన్న ఆశ ఉంటుంది, ఇక్కడ వేసింది వేసినట్టే తరాలు ఉండిపోతుంది.

కాబట్టి ప్లాస్టిక్‌ను పట్టుకోగలిగేది గాబులో పడకముందే. వాషింగ్ మెషీన్లకు పీచు ఫిల్టర్లు ఉండాలని 2020లో ఫ్రాన్స్ చట్టం చేసింది. ఉత్పత్తుల్లో కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్‌పై 2023లో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. మైక్రోప్లాస్టిక్‌లో భాగమైన టైర్ల అరుగుదల పొడికి మాత్రం ఇలాంటి తేలిక మందు లేదు. దక్షిణ, తూర్పు తీర దేశాలకు ఆ చట్టాలు వర్తించవు, 1976 నాటి బార్సిలోనా ఒప్పందంలో మాత్రం అందరూ ఉన్నారు. ఇక ఫలితాలను కొలవడంలో ఒక మెలిక ఉంది. పైన చెప్పిన 2010 సర్వేలోనే, గట్టి గాలి వీచాక ఉపరితలంపై ముక్కల లెక్క ఐదో వంతుకు పడిపోయింది, గాలి వాటిని కిందికి కలిపేసింది గనుక. రేపెవరైనా మధ్యధరాలో తేలే ప్లాస్టిక్ తగ్గిందని పట్టిక చూపిస్తే, వల లాగిన వారం గాలి ఎలా ఉందో, అదే చోట అడుగు మట్టిని కూడా తీసి చూశారో లేదో ముందు అడగాలి.