మిల్వాకీ ఉత్సవము: రక్షణసుంకముల నీతి

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి మిల్వాకీ నగరమున హార్లీ డేవిడ్‌సన్ మోటారుసైకిళ్ల సంస్థ తన 105వ వార్షికోత్సవమును 2008 ఆగస్టు కడపటి దినములలో జరుపుకొనెను. దానికి కొన్ని వారములు ముందు, జూలై 12వ తేదీన, ఆ సంస్థ తన ప్రదర్శనశాలను ప్రజలకు తెఱచియుండెను. ఆ యుత్సవమును, శాలను కూడ మేము చూచితిమి. దూరరాష్ట్రములనుండి తమ వాహనములపైననే వచ్చినవారు వేలకొలది. తిరునాళ్లకు బండ్లు కట్టుకొని పోవు మన పల్లెజనమును చూచినవారికి ఆ దృశ్యము క్రొత్త గాదు.

ఇనుపదూలములతోడను ఇటుకలతోడను ఆ శాల కర్మాగారమువలెనే కట్టబడినది. సంస్థ బండ్లలో మిక్కిలి పాతదిగ నెంచబడు 1903 నాటి యంత్ర మందు గలదు. విలియం హార్లీ, ఆర్థర్ డేవిడ్‌సన్ అను యువకుల తొలి కర్మాగారము డేవిడ్‌సనుల పెరటిలో 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల కొయ్యపాక.

ఇట్టి సంస్థయు ఒకప్పుడు మునిగిపోవు స్థితికి వచ్చెను. 1969లో ఏ.ఎం.ఎఫ్. అను కంపెనీ దీనిని కొనెను. ఉత్పత్తి పెరిగెను, పనితనము క్షీణించెను. జపాను బండ్లు చౌకగను మన్నికగను వచ్చి విపణి నాక్రమించెను. 1981లో 13 మంది అధికారులు అప్పుచేసి సంస్థను తిరిగి కొనిరి. వారి విన్నపముపై 1983లో అధ్యక్షుడు రీగన్, 700 సి.సి.లకు మించిన విదేశీ మోటారుసైకిళ్లపై సుంకమును నూటికి 4.4 నుండి 49.4కు పెంచెను. స్వేచ్ఛావాణిజ్యమును లోకమునకు బోధించు దేశమే తన యింటి పరిశ్రమకు కష్టము వచ్చినపుడు చేసిన పని యిది!

అయితే ఆ హెచ్చింపు ఏటేట తగ్గుచు అయిదేండ్లలో అంతరించునట్లు నియమింపబడెను. ఆ గడువులో సంస్థవారు జపానువారి పద్ధతులనే నేర్చుకొనిరి. విడిభాగములను కావలసిన వేళకే తెప్పించుకొనిరి. పనివారి సలహాలను గైకొనిరి. లోపములను లెక్కగట్టి సవరించిరి. 1987లో, గడువు తీఱకమునుపే, సుంకము తమ కక్కఱలేదని వారే తెలియజేసిరి. జపాను కంపెనీలు 700 సి.సి.లకు లోబడిన యంత్రములు చేసి సుంకమును కొంత తప్పించుకొనినవి గావున, సుంకమొక్కటియే ప్రాణము పోసెననుట సాహసము. అది వ్యవధి నిచ్చెను. ఆ వ్యవధిని సద్వినియోగము చేసినది పనితనము.

స్వదేశీ పరిశ్రమలకు రక్షణ కావలయుననియే మా వాదము. కాని 1991కి పూర్వము మనదేశమున రక్షణకు గడువు లేదు. స్కూటరు కోరినవాడు ఏండ్లతరబడి వేచియుండెను. చేయువానికి మెఱుగుపఱచు తొందర లేకుండెను. మైసూరునందలి జావా కర్మాగారము 1996లో మూతపడెను. 1955లో మద్రాసున నెలకొన్న ఎన్‌ఫీల్డు మాత్రము, ఆంగ్లదేశమునందలి మాతృసంస్థ 1970లో అంతరించినను, తన యంత్రమును సంస్కరించుకొని నేటికిని నిలిచియున్నది.

నారుమడిలోనే ముదిరిన నారు పొలమున నాటినను చక్కగ పిలకలు తొడుగదని మన రైతు లెఱుంగుదురు. రక్షణసుంకమును నారుమడి వంటిదే. రక్షణ కోరు ప్రతి పారిశ్రామికుని, నాటు దినమెప్పుడని మన పార్లమెంటు సభ్యులు ముందుగ నడుగవలయును.