లారీ చట్రమునకు అడ్డుదూలము

విజయవాడ నుండి మచిలీపట్నమునకు పోవు రాజమార్గమును, గుడివాడ నుండి కూచిపూడి మీదుగా చల్లపల్లికి పోవు దారియు పామర్రులో కలిసికొనును. కోతల కాలమున ఆ కూడలిలో నిలిచి చూచినచో ధాన్యపు బస్తాలతో నిండిన లారీలు ఒకదాని వెనుక నొకటి పోవుచుండును. బస్తాలు అందరికిని కనబడును. వానిని మోయు ఉక్కు చట్రము మాత్రము ఎవరి కంటను పడదు. అది బీటవారినచో తొలుత తెలిసికొనువాడు లారీ క్రింద వెల్లకిల పరుండి చూచు మేస్త్రియే.

లారీ చట్రము నేలపై పరుండబెట్టిన నిచ్చెన వంటిది. ఇరుప్రక్కల రెండు పొడవైన ఉక్కు దూలములుండును. వానిని కలుపుచు నిచ్చెనమెట్ల వలె అడ్డుదూలములుండును. ఎడ్లబండికి నొగలును, వానిని పట్టియుంచు అడ్డకర్రలును ఉన్నట్లే యిదియు. అడ్డపట్టె వదులైన నులకమంచము ఒక మూలకు ఒరిగిపోవుట మీరెరుగుదురు. అడ్డుదూలము వదులైన లారీ గతియు అంతియే. కాని మంచము కదలక ఒకచోట నుండును, లారీ పరుగెత్తును. కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని, పైనున్న బాటను ఎగుడుదిగుడు చేయును. ఒక చక్రము గుంటలో దిగి మరియొకటి మిట్ట నెక్కినప్పుడెల్ల చట్రము మెలిపడుచుండును.

1954లో టాటావారు జర్మనీ దేశపు బెంజి సంస్థతో కూడి జంషెడ్‌పూరులో లారీల నిర్మాణము ప్రారంభించిరి. ఆ ఒప్పందము 1969 వరకు సాగినది. అట్టి పాత లారీలను ముచ్చటపడి బాగుచేయించుకొనువారు నేడును కలరు. పాత గేరుపెట్టె అరిగిపోయి, దాని భాగములు దొరకనప్పుడు, తరువాతి కాలపు గేరుపెట్టెను అమర్చుదురు. అది పాతదాని కంటె పొడవైనచో వెనుకకు మిక్కిలి చొచ్చుకొనివచ్చును. అంత బరువును ఇంజను వెనుక గాలిలో వ్రేలాడనిచ్చినచో బిగింపులు తెగును. కావున దాని తోక క్రింద క్రొత్త అడ్డుదూలము వేయవలెను. విజయవాడ ఆటోనగరు వంటి చోటులలో ఇట్టి పనిలో ఆరితేరిన వారున్నారు.

మంచి మేస్త్రి మొదట సుత్తి పట్టడు, త్రాడు పట్టును. చట్రము మూలల నుండి తూకపు గుండ్లు వ్రేలాడదీసి, అవి నేలను తాకిన చోటుల సుద్దతో గుర్తు పెట్టును. పిదప ఒక మూల నుండి ఎదుటి మూలకు త్రాడు లాగి కొలుచును. రెండవ కర్ణమును అట్లే కొలుచును. అభిముఖ భుజములు సమానములైన చతుర్భుజమునకు కర్ణములును సమానములైనచో అది దీర్ఘచతురస్రమని రేఖాగణితము చెప్పును. కర్ణములలో భేదమున్నచో చట్రము ఒరిగియున్నదన్నమాట. ఒరిగిన చట్రమునకు క్రొత్త దూలము బిగించుట ఆ ఒరుగును శాశ్వతము చేయుటయే.

తరువాత ఎత్తు చూడవలెను. గేరుపెట్టె నుండి వెనుక ఇరుసునకు శక్తిని చేర్చు షాఫ్టునకు రెండు కొసలను వంగుడు కీళ్లుండును. కీలు వంగి తిరుగునప్పుడు దాని రెండవ ప్రక్క సమవేగముతో తిరుగదు. ప్రతి చుట్టులోను రెండుమార్లు త్వరపడి, రెండుమార్లు మందగించును. రెండవ కీలు అంతే కోణమున వంగియున్నచో ఈ తేడాను సరిదిద్దును. అందుచేత గేరుపెట్టె వాలును, ఇరుసు మూతి వాలును సమానముగా నుండవలెను. దూలము ఒక అంగుళము క్రిందికి దిగినను లారీ వేగమున వణకును. కీళ్లు త్వరలో అరుగును. ముందు కీలు తెగి షాఫ్టు రోడ్డున గ్రుచ్చుకొన్నచో కలుగు ప్రమాదము చెప్పనలవి కాదు. అందుకే దాని చుట్టును ఇనుప కట్టు నొకదానిని కాపుగా వేయుదురు.

ఇక బిగించుట. తడికర్రను వంచినచో పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము సాగి చీలును, నడుమ మాత్రము పెద్దగా బాధ యుండదు. బరువు మోయు దూలమును అట్టిదే. కావున పై అంచునందును క్రింది అంచునందును రంధ్రములు వేయరాదు. నిలువు ముఖమున, అంచులకు దూరముగా వేయవలెను. త్వరగా తెమలునని వెల్డింగు చేయువారు కలరు. ఆ వేడికి అతుకు ప్రక్కనున్న ఉక్కు గుణము మారి, బీట అక్కడనే మొదలగును. సరిగా పట్టు రివిట్లు గాని, రంధ్రమున కదలక కూర్చుండు గట్టి బోల్టులు గాని మేలు. గేరుపెట్టెకును దూలమునకును నడుమ రబ్బరు దిమ్మ లుంచుట మరువరాదు. అవి లేనిచో చట్రపు మెలి అంతయు గేరుపెట్టె మీద పడి దాని గుల్ల పగులును.

చట్రమునకు బలము చేర్చుటలో ఒక చిక్కు కలదు. ఒక కాగితమును గొట్టముగా చుట్టి, అంచు లంటింపక మెలిపెట్టి చూడుడు, సులభముగా మెలిపడును. అంచులంటించి చూడుడు, ఎదురు తిరుగును. లారీ దూలమునకు ఒక ప్రక్క తెరచియుండును. ఆ ప్రక్కను పలకతో మూసినచో అది గొట్టమై బిగిసికొనును. అట్లయిన అంతటను మూయరాదా? రాదు. ఎగుడుదిగుడు బాటపై చక్రములన్నియు నేలనంటి యుండుటకు చట్రము కొంత మెలిపడవలసినదే. ఒకచోట మాత్రమే బిగించినచో, ఆ బిగువు ముగిసినచోట మెలి అంతయు కూడి చీలిక తెచ్చును. నేర్పరి అందుచేతనే బలపు పలక కొసలను తిన్నగా కోయక చేపనోటి వలె ఏటవాలుగా కోయును. బిగువు ఒక్కసారిగా తెగక క్రమముగా సన్నగిల్లును.

మొదటి మారు బరువుతో తిరిగి వచ్చిన లారీ క్రిందికి మేస్త్రి మరల దూరును. రివిట్టును చిన్న సుత్తితో తట్టి వినును. బిగువుగా నున్నది ఖంగున మ్రోగును, వదులైనది మందముగా పలుకును. బోల్టు చుట్టును సన్నని ఎఱ్ఱని పొడి వలయముగా కనబడినచో అచ్చట ఇనుము ఇనుముతో రాచుకొనుచున్నదని గ్రహించి, దానిని విప్పి క్రొత్తది వేయును.